స్పానిష్ ఐరన్‌క్లాడ్ నుమాన్సియా: తరచుగా అడిగే ప్రశ్నలు

పందొమ్మిదో శతాబ్దపు ఇనుప కవచ యుద్ధనౌకల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ముందు బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా ఓడల గురించే చదువుతారు. స్పెయిన్ వంతు వచ్చేసరికి ఎక్కువ ప్రశ్నలు నుమాన్సియా అనే ఈ ఒక్క ఓడ చుట్టూనే తిరుగుతాయి. దీని 53 ఏళ్ళ బతుకులో రాజును మోసిన రోజులున్నాయి, సముద్రపు దొంగ అనిపించుకున్న రోజులూ ఉన్నాయి.

నుమాన్సియా ఎలాంటి ఓడ? ఎక్కడ కట్టారు?

స్పెయిన్ నౌకాదళానికి చెందిన ఇనుప కవచ ఫ్రిగేట్. కట్టింది మాత్రం స్పెయిన్‌లో కాదు. ఫ్రాన్స్‌లో తులోన్ పక్కనున్న లా సేన్ షిప్‌యార్డులో 1863 నవంబరు 19న నీటిలోకి దింపారు. 1864 డిసెంబరులో స్పెయిన్ చేతికి వచ్చింది. ఇంత పెద్ద ఇనుప ఓడను సొంతంగా కట్టే సరంజామా అప్పటికి స్పెయిన్ రేవుల్లో లేదు. అదే కాలంలో ఫెర్రోల్‌లో మొదలుపెట్టిన టెటువాన్‌కు చెక్క చట్రం మీదే కవచం తొడిగారు. విటోరియాను లండన్‌లో కట్టించారు.

పేరు, రోమన్ సైన్యానికి లొంగకుండా క్రీ.పూ. 133 దాకా పోరాడిన స్పెయిన్ పట్టణానిది.

కొలతలు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటాయెందుకు?

మెట్రిక్ టన్నులకూ బ్రిటిష్ లాంగ్ టన్నులకూ తేడా చూడకుండా ఎత్తి రాసుకోవడం వల్ల. నుమాన్సియా బరువు సుమారు 7,300 మెట్రిక్ టన్నులు. లాంగ్ టన్నుల్లో ఇదే 7,190 దగ్గరికి వస్తుంది. రెండూ సరైనవే, కలిపి వాడితేనే తప్పు. పొడవు 96 మీటర్లు, వెడల్పు 17 మీటర్లకు కాస్త పైన. ఓడ నీటిలో 8 మీటర్ల దాకా మునిగి ఉండేది. ఈ ఆఖరి అంకె గుర్తుంచుకోండి, చిలీ తీరంలో దీనితో పని పడుతుంది.

గుర్రపుశక్తి దగ్గరా ఇదే తిరకాసు. 1,000 అని ఒక చోట, 3,700 అని ఇంకో చోట కనిపిస్తుంది. మొదటిది సిలిండర్ కొలతల నుంచి లెక్కగట్టే ‘నామినల్’ శక్తి. బేరాల్లో, కాంట్రాక్టుల్లో వాడేవారు. రెండోది ఇంజను నడుస్తుండగా సిలిండర్ లోపలి పీడనం కొలిచి తేల్చిన ‘ఇండికేటెడ్’ శక్తి. ఓడ నిజంగా ఎంత లాగగలదో తెలియాలంటే రెండోదే చూడాలి.

కవచం ఎంత మందం? దాని వెనక కర్ర ఎందుకు?

నీటి గీత వెంట నడిమి భాగంలో 130 మిల్లీమీటర్ల చేత ఇనుప పలకలు. ముందుకీ వెనక్కీ పోయేకొద్దీ అది 100 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఫిరంగుల వరసకు 120 మిల్లీమీటర్లు. వీటి వెనక మందపాటి టేకు దుంగలు, ఆ వెనక ఓడ ఇనుప గోడ.

టేకు అలంకారానికి కాదు. గుండు తగిలినప్పుడు ఇనుప పలక క్షణకాలం లోపలికి వంగుతుంది. వెనక మెత్తగా ఒత్తిడి తీసుకునేది లేకపోతే పలక పగులుతుంది, లేదా దాన్ని పట్టి ఉంచే బోల్టులు తెగుతాయి. తెగిన బోల్టు తలలు, నట్లు ఫిరంగి డెక్కు లోపల తుపాకి గుళ్ళలా ఎగిరేవి. పలక చెక్కుచెదరకున్నా లోపల మనుషులు చచ్చేది ఇలాగే. టేకునే ఎంచుకోవడానికి మరో కారణం ఉంది. ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనుమును తినేస్తుంది, టేకు నూనె ఆ పని చేయదు.

ఫిరంగులు ఎన్ని? ఎలా పేల్చేవారు?

డిజైన్ 40 ఫిరంగులకు. పసిఫిక్ యుద్ధకాలపు జాబితాల్లో ఎక్కువగా 34 అని ఉంటుంది. అన్నీ నున్నటి గొట్టపు 68 పౌండర్లే. గొట్టం లోపలి వెడల్పు 20 సెంటీమీటర్లు, గుండు బరువు సుమారు 31 కిలోలు.

పేల్చే క్రమం ఇది. ముందటి పేలుడు తాలూకు నిప్పురవ్వ మిగలకుండా తడి స్పంజి కర్రతో గొట్టం తుడవాలి. గుడ్డ సంచిలో కట్టిన మందు మూతి గుండా దూర్చి, పొడవాటి కర్రతో అడుగుదాకా దట్టించాలి. తర్వాత గుండు. ఓడ ఊగినప్పుడు గుండు దొర్లి బయటికి రాకుండా దాని మీద తాటి పీచు ముద్దలాంటి అడ్డు కూరాలి. వెనక రంధ్రంలోంచి సన్నటి ఊచతో మందు సంచి పొడిచి, అందులో రాపిడితో నిప్పు పుట్టించే చిన్న గొట్టం పెట్టాలి. ఇరువైపులా కప్పీల తాళ్ళు లాగి ఫిరంగి మూతి కిటికీలోంచి బయటికి తోయాలి. గురి చూసి తాడు లాగితే పేలుతుంది. వెనక్కి తన్నిన ఫిరంగిని లావుపాటి మోకు ఆపుతుంది. మళ్ళీ మొదటికి.

ఒక్కో ఫిరంగికి పదిమందికి పైగా మనుషులు కావాలి. స్పంజి హడావుడిగా కొడితే మిగిలిన నిప్పు కొత్త సంచిని అంటుకుంటుంది, కర్ర పట్టుకున్నవాడి చేతులు పోతాయి. తర్వాతి ఏళ్ళలో వీటి స్థానంలో తక్కువ సంఖ్యలో, పెద్ద సైజు, గొట్టం లోపల మెలితిరిగిన గాళ్ళున్న ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు అమర్చారు.

ఆవిరి ఇంజను ఉండగా మూడు తెరచాప స్తంభాలెందుకు?

బొగ్గు చాలదు కాబట్టి. ఎనిమిది బాయిలర్లు, ఒకే ఇంజను, ఒకే ప్రొపెల్లర్. మోసుకెళ్ళగలిగింది సుమారు 1,000 టన్నులు. సముద్రాలు దాటే ప్రయాణాల్లో గాలి అనుకూలంగా ఉంటే బాయిలర్లు ఆర్పి తెరచాపల మీదే పోవాలి. జలసంధుల్లో, యుద్ధంలో మాత్రం ఆవిరి. అందుకే ఈ ఓడ చరిత్ర ఎక్కడ విప్పినా కెప్టెన్ నిర్ణయాల వెనక బొగ్గు దొరికే రేవు ఏదన్న లెక్క ఉంటుంది. కవచం దీన్ని ఎప్పుడూ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టినవి బొగ్గు, తిండి, సరైన సిబ్బంది.

పసిఫిక్‌కు ఎందుకు పంపారు?

పెరూకు చెందిన చించా దీవుల్ని స్పెయిన్ 1864 ఏప్రిల్ 14న ఆక్రమించింది. పక్షుల రెట్ట పేరుకుపోయిన ఆ దీవులే పెరూ ఖజానాకు ఆధారం, ఎరువుగా ఐరోపా అంతా కొనేది. ఆ గొడవలో బలం చూపడానికి నుమాన్సియా 1865 ఫిబ్రవరి 4న స్పెయిన్ రేవు కాడిజ్ నుంచి బయల్దేరింది. కెప్టెన్ కాస్తో మెండెజ్ నూన్యెజ్. తమాషా ఏమిటంటే అంతకు వారం ముందే, జనవరి 27న, పెరూతో సంధి మీద సంతకాలైపోయాయి. కబురు ఓడల మీద రావాల్సిన కాలం మరి.

కేప్ వర్దె, మాంటెవిడియో, మగెల్లాన్ జలసంధి, వాల్పరైసో మీదుగా మే 5న పెరూ రేవు కయావో చేరింది. ఇంత బరువైన కవచ నౌక అట్లాంటిక్‌లో పెద్ద అలలకు తట్టుకోదని అనుమానించినవాళ్ళు చాలామందే ఉండేవారు. ఓడ బాగా ఊగింది కానీ నిలబడింది.

సంధి కుదిరాక యుద్ధం మళ్ళీ ఎందుకొచ్చింది?

ఈసారి చిలీతో. స్పెయిన్ ఓడలకు బొగ్గు అమ్మకపోవడం లాంటి పాత ఫిర్యాదులు పట్టుకుని అడ్మిరల్ హోసె మాన్యుయెల్ పరేహా క్షమాపణ కోరాడు. చిలీ 1865 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించింది. నవంబరు 26న చిలీ ఓడ ఎస్మెరాల్దా స్పెయిన్ చిన్న ఓడ కోవడోంగాను పట్టుకుంది. ఆ అవమానం తట్టుకోలేక పరేహా కాల్చుకుని చనిపోయాడు. దళపతి పదవి మెండెజ్ నూన్యెజ్‌కు వచ్చింది. తర్వాత కొద్ది నెలల్లో పెరూ, ఈక్వడార్, బొలీవియా కూడా చిలీ పక్షాన చేరాయి. దాంతో ఆ తీరం పొడవునా స్పెయిన్‌కు ఒక్క రేవూ తెరిచి లేదు.

1866 ఫిబ్రవరి, మార్చి నెలల్లో శత్రు ఓడల్ని వెతుకుతూ నుమాన్సియా, బ్లాంకా అనే ఫ్రిగేట్ చిలోయె దీవుల దాకా వెళ్ళాయి. శత్రువు ఇరుకు పాయలో, లోతు తక్కువ నీళ్ళలో దాక్కున్నాడు. 8 మీటర్ల లోతు మునిగే ఓడకు ఆ పాయలోకి దారి లేదు. తిరుగు ప్రయాణంలో ‘పకేతె దె మౌలె’ అనే చిలీ స్టీమరును పట్టుకుని సరిపెట్టుకున్నారు.

వాల్పరైసో మీద బాంబులు వేసింది నుమాన్సియాయేనా?

ఆజ్ఞ దాని మీదనుంచే వెళ్ళింది. 1866 మార్చి 31న నుమాన్సియా సంకేతంగా ఫిరంగి పేల్చింది. రేవును కాల్చింది చెక్క ఓడలు: విల్యా దె మాడ్రిడ్, బ్లాంకా, రెసొల్యూసియోన్, వెన్సెదోరా. ఎదురుకాల్పులు చేసే కోట లేని వర్తక రేవది. గోదాముల్లో ఉన్న సరుకు చాలావరకు విదేశీ వ్యాపారులది. బ్రిటిష్, అమెరికన్ దళపతులు ఆపాలని చూశారు, చివరికి పక్కకు తప్పుకున్నారు. ఈ రోజును స్పెయిన్ చరిత్రకారులు కూడా గర్వంగా చెప్పుకోరు.

కయావో యుద్ధంలో (1866 మే 2) ఏం జరిగింది?

ఇది వాల్పరైసో లాంటిది కాదు. కయావోలో తీరం పొడవునా ఫిరంగి దిబ్బలున్నాయి. 300 పౌండ్ల ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు పెట్టిన ఇనుప బురుజులు రెండు, లా మెర్సెద్, హునీన్. వాటికి తోడు 450 పౌండ్ల గుండు విసిరే బ్లేక్లీ ఫిరంగులు. 68 పౌండర్ల ముందు ఇవి చాలా పెద్దవి, సంఖ్యలో మాత్రం తక్కువ.

మెండెజ్ నూన్యెజ్ ఓడల్ని మూడుగా పంచాడు. నుమాన్సియా, బ్లాంకా, రెసొల్యూసియోన్ దక్షిణపు దిబ్బల మీదికి. విల్యా దె మాడ్రిడ్, బెరెంగేలా ఉత్తరానికి. ఆల్మన్సా, వెన్సెదోరా నడుమ. మధ్యాహ్నం 12కు కాస్త ముందు నుమాన్సియా మొదటి గుండు పేల్చింది. సాయంత్రం 5 లోపు ముగిసింది.

చెక్క ఓడల పాట్లు చూస్తే కవచం విలువ తెలుస్తుంది. విల్యా దె మాడ్రిడ్ ఆవిరి యంత్రానికి దెబ్బ తగిలి కదల్లేకపోతే వెన్సెదోరా తాడు కట్టి బయటికి లాగింది. బెరెంగేలాకు నీటి గీత దగ్గర బొక్క పడి ఒరిగిపోతూ తప్పుకుంది. ఆల్మన్సాలో మందు అంటుకుంది, ఆర్పుకుని మళ్ళీ వరసలోకి వచ్చింది. నుమాన్సియాకు సుమారు యాభై గుళ్ళు తగిలాయి. పలకను చీల్చిన గుండు కూడా వెనకున్న టేకులో ఆగిపోయింది. అయితే కవచం మీద నిలబడ్డవాడికి కవచం పనికిరాదు. పై వేదిక మీద ఉన్న మెండెజ్ నూన్యెజ్ ఒంటినిండా గాయాలతో కూలిపోయాడు. ఓడ పని కెప్టెన్ హువాన్ బౌతిస్తా అంతెకేరా, దళం బాధ్యత మిగెల్ లోబో చూసుకున్నారు. లోబో పేరు గుర్తుంచుకోండి.

ఒడ్డున లా మెర్సెద్ బురుజు పేలిపోయింది. అక్కడే ఉన్న పెరూ యుద్ధమంత్రి హోసె గాల్వెస్ చనిపోయాడు. స్పెయిన్ వైపు 43 మంది చనిపోయారు.

మరి గెలిచిందెవరు?

ఇద్దరూ తామే అంటారు. లిమాలో ‘మే 2’ పేరుతో కూడలి ఉంది, మాడ్రిడ్‌లో ‘కయావో’ పేరుతో కూడలి ఉంది. దిబ్బల్లో చాలా ఫిరంగులు నోరు మూశాయన్నది స్పెయిన్ మాట. శత్రువు రేవును పట్టుకోకుండా వెళ్ళిపోయాడన్నది పెరూ మాట. రెండూ నిజమే. ఒడ్డున దించడానికి సైన్యం స్పెయిన్ దగ్గర లేదు, ఉండిపోవడానికి బొగ్గూ తిండీ లేవు. అలాంటప్పుడు కాల్చి వెళ్ళిపోవడం తప్ప మిగిలిందేమీ లేదు. యుద్ధవిరామం 1871లో గాని రాలేదు.

వచ్చిన దారిన వెనక్కి పోకుండా పడమటికి ఎందుకు వెళ్ళింది?

దళం మే 10న కయావో వదిలి రెండుగా చీలింది. ఒక భాగం హార్న్ అగ్రం చుట్టి అట్లాంటిక్‌కు వెళ్ళింది. నుమాన్సియా, బెరెంగేలా, వెన్సెదోరా ఫిలిప్పీన్స్ దారి పట్టాయి. దక్షిణార్ధగోళంలో అది చలికాలం, హార్న్ అగ్రం దగ్గర తుపాన్లు. మనీలాలో సొంత స్థావరం ఉంది.

దారిలో శత్రువు స్కర్వీ. నెలల తరబడి తాజా కూరలు, పళ్ళు లేవు. ఉప్పు మాంసం, గట్టి బిస్కెట్‌తో బతికిన మనుషులకు విటమిన్ సి కరువై చిగుళ్ళు వాచి, పాత గాయాలు మళ్ళీ విచ్చుకుంటాయి. పాలివ్వని ఆవును పిండినట్టు మంచం పట్టినవాళ్ళతోనే పని చేయించాల్సొచ్చింది. జూన్‌లో తహితి చేరాక పళ్ళూ తాజా మాంసం దొరికి కోలుకున్నారు. ఓడ సెప్టెంబరు 8న మనీలా చేరింది.

ప్రపంచం చుట్టిన మొదటి ఐరన్‌క్లాడ్ ఇదేనా?

ఇదే. 1867 జనవరిలో మనీలా వదిలి, బటావియా (ఇప్పటి జకార్తా), గుడ్ హోప్ అగ్రం, సెయింట్ హెలీనా మీదుగా అట్లాంటిక్ చేరింది. అక్కడి నుంచి నేరుగా ఇంటికి పోకుండా రియో డి జనీరో వెళ్ళింది, మెండెజ్ నూన్యెజ్ దళం అక్కడే ఉంది కాబట్టి. 1867 సెప్టెంబరు 20న కాడిజ్‌లో లంగరు వేసింది. మొత్తం రెండేళ్ళ ఏడు నెలల పైమాట. భూమిని మొదట చుట్టిన కవచ నౌక అని లాటిన్‌లో చెక్కిన ఫలకాన్ని ఓడలో పెట్టారు.

మానిటర్ రకానికి చెందిన అమెరికా కవచ నౌక మొనాడ్‌నాక్ కూడా ఆ రోజుల్లోనే మగెల్లాన్ జలసంధి దాటింది. కానీ అది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆగిపోయింది.

హిందూ మహాసముద్రం దాటింది కదా, భారత తీరానికి వచ్చిందా?

లేదు. బటావియా నుంచి ఆఫ్రికా దక్షిణ కొన దారి మన బంగాళాఖాతానికి చాలా దక్షిణంగా పోతుంది. సూయెజ్ కాలువ తెరిచింది 1869లో, అప్పటికి నుమాన్సియా ఇల్లు చేరి రెండేళ్ళయింది.

రాజును తెచ్చిన ఓడ కూడా ఇదేనా?

అవును. 1868 విప్లవంలో రాణి రెండో ఇసబెల్లాను పంపేశాక, స్పెయిన్ పార్లమెంటు ఇటలీ రాకుమారుడు అమదేవోను రాజుగా ఎన్నుకుంది. ఆయన్ని లా స్పెట్సియా నుంచి నుమాన్సియా మీద తెచ్చి 1870 డిసెంబరు 30న స్పెయిన్ రేవు కార్తహేనాలో దించారు. ఆయన్ని పిలిపించిన జనరల్ ప్రిమ్, మూడు రోజుల క్రితం తగిలిన తూటాలతో అదే రోజు చనిపోయాడు. అమదేవో 1873 ఫిబ్రవరిలో కిరీటం వదిలేశాడు. గణతంత్రం వచ్చింది.

సముద్రపు దొంగ అన్నారెందుకు?

1873 జులై 12న కార్తహేనా తనకు తానే స్వయంపాలిత ప్రాంతంగా, వాళ్ళ మాటలో ‘కాంటన్’గా, ప్రకటించుకుంది. రేవులో ఉన్న నుమాన్సియా, విటోరియా, టెటువాన్, మెండెజ్ నూన్యెజ్ (దళపతి పేరు పెట్టిన ఓడ), ఆల్మన్సా తిరుగుబాటుదార్ల చేతికొచ్చాయి. దేశంలోని మంచి యుద్ధనౌకల్లో సగానికి పైగా పోయినట్టే. తన దగ్గర వాటిని ఎదిరించే ఓడలు లేక మాడ్రిడ్ ప్రభుత్వం జులై 20న వాటిని దొంగ ఓడలుగా ప్రకటించింది. అంటే ఏ దేశపు నౌకాదళమైనా పట్టుకోవచ్చు. బ్రిటిష్, జర్మన్ ఓడలు ఆ మాట పట్టుకుని ఆగస్టు 1న విటోరియా, ఆల్మన్సాలను లాక్కున్నాయి. తర్వాత వాటిని ప్రభుత్వానికే అప్పగించారు.

పోర్ట్‌మాన్ దగ్గర అంత బలమున్న తిరుగుబాటు దళం ఎందుకు గెలవలేదు?

1873 అక్టోబరు 11న మూడు కవచ నౌకలు, పక్క చక్రాలతో నడిచే ఫెర్నాండో ఎల్ కతోలికో అనే స్టీమరు కార్తహేనా నుంచి బయటికొచ్చాయి. ఎదురుగా ప్రభుత్వానికి ఒక్క కవచ నౌకే, విటోరియా. మిగిలినవి చెక్కవి. కాగితం మీద చూస్తే ఫలితం తేలికే.

తప్పిన చోటు సిబ్బంది. నౌకాదళ అధికారులు చాలామంది తిరుగుబాటులో కలవలేదు. దళాన్ని నడిపింది జనరల్ కాంత్రేరాస్, భూసైన్యపు మనిషి. నుమాన్సియా మిగతా ఓడల కంటే వేగంగా పోయి, వాటికోసం ఆగకుండా ఒంటరిగా శత్రు ఓడల మధ్యలోకి దూరింది. అన్ని వైపుల నుంచీ కాల్పులు తిని రేవుకు తిరిగింది. మిగతావి ఒక్కొక్కటిగా వచ్చి ఒక్కొక్కటిగా దెబ్బ తిన్నాయి. కవచాలకు పెద్ద హాని లేదు. వరస కట్టడం రాలేదంతే.

ప్రభుత్వ దళపతి ఎవరనుకున్నారు? కయావోలో నుమాన్సియా మీద నిలబడి యుద్ధం నడిపిన మిగెల్ లోబోయే. ఆయన దళంలో ఆల్మన్సా కూడా ఉంది. గెలిచిన కొద్ది రోజులకే బొగ్గు కోసం ముట్టడి వదిలి జిబ్రాల్టర్ వెళ్ళినందుకు ఆయన పదవి ఊడింది.

ఫెర్నాండో ఎల్ కతోలికోను ముంచింది శత్రువా?

కాదు, నుమాన్సియాయే. ముట్టడి లేని ఆ సందులో తిరుగుబాటు ఓడలు వాలెన్సియా వైపు బయల్దేరాయి. అక్టోబరు 19, 20 తేదీల నడిమి రాత్రి నుమాన్సియా ఆ చక్రాల స్టీమరును ఢీకొంది. కొన భాగం శత్రు ఓడను పొడవడానికి ముందుకు పొడుచుకొచ్చేలా కట్టిన ఓడ ఇది. తమవాళ్ళ ఓడకు తగిలినా అది చేసే పని అదే. స్టీమరు వెంటనే మునిగింది, పదుల సంఖ్యలో చనిపోయారు. రాత్రిపూట దగ్గర దగ్గరగా నడవడం అలవాటున్న సిబ్బందికే కష్టం.

కార్తహేనా పడిపోయాక నుమాన్సియా ఏమైంది?

1874 జనవరి 12న పట్టణం లొంగుతుండగా నాయకులు, కుటుంబాలు, సిపాయిలు కలిపి వెయ్యి మందికి పైగా ఓడెక్కారు. వాళ్ళలో తిరుగుబాటు నాయకుడు ఆంతోనియో గాల్వెస్ ఉన్నాడు. (కయావోలో చనిపోయిన పెరూ మంత్రి గాల్వెస్ వేరు, కలపకండి.) అడ్మిరల్ చికార్రో ఓడలు రేవు బయట కాపు కాస్తుండగానే నుమాన్సియా పూర్తి ఆవిరితో మధ్యలోంచి దూసుకుపోయింది. ఫ్రెంచివారి అల్జీరియాలో ఒరాన్ దగ్గరి మెర్స్ ఎల్ కెబీర్ చేరింది. ఫ్రెంచివారు మనుషుల్ని అట్టిపెట్టుకుని ఓడను కొద్ది రోజుల్లో స్పెయిన్‌కు తిరిగిచ్చారు.

1898లో అమెరికాతో యుద్ధంలో ఎందుకు కనిపించదు?

లా సేన్‌లో మరమ్మతులో ఉంది. 1896లో మొదలుపెట్టి తెరచాప స్తంభాలు తీసేసి, రెండు సైనిక స్తంభాలు నిలిపి, తీరరక్షణ ఓడగా మార్చారు. పని ముగిసేసరికి యుద్ధం అయిపోయింది. నా లెక్కలో ఇది దండగ ఖర్చు. ముప్పై ఏళ్ళనాటి చేత ఇనుప కవచం 1890ల ఉక్కు గుళ్ళ ముందు ఆగదు, ఎన్ని కొత్త ఫిరంగులు పెట్టినా.

1911 తిరుగుబాటు ఏమిటి?

ఆగస్టు 2న టాంజియర్ దగ్గర లంగరేసి ఉండగా, బాయిలర్లలో బొగ్గు వేసే ఆంతోనియో సాంచెస్ మోయా నాయకత్వంలో కొందరు నావికులు గణతంత్రం పేరుతో ఓడను చేతుల్లోకి తీసుకోబోయారు. మలగా వెళ్ళి పట్టణాన్ని బెదిరించాలన్నది ఆలోచన. గంటల్లోనే అణచివేశారు. మోయాను ఆగస్టు 8న ఆ ఓడ మీదే కాల్చి చంపారు. మిగిలిన కొందరికి యావజ్జీవ శిక్ష పడింది. మరుసటి ఏడాది ఓడను నౌకాదళ జాబితా నుంచి తీసేశారు.

స్పెయిన్ నౌకాదళంలో ఇప్పుడున్న నుమాన్సియాకూ దీనికీ సంబంధం ఉందా?

పేరొక్కటే. ఇప్పటిది శాంటా మారియా తరగతి క్షిపణి ఫ్రిగేట్, ఎఫ్-83. పాత ఫోటోలు చూసేటప్పుడు మూడు స్తంభాలు, చాపలతో ఉంటే 1896కు ముందుది. రెండు కురచ స్తంభాలుంటే మార్పుల తర్వాతది.

చివరికి ఎలా పోయింది? శిథిలాలు ఉన్నాయా?

1916లో పాత ఇనుము కింద అమ్మారు. కాడిజ్ నుంచి బిల్బావోకు టగ్‌తో లాక్కెళ్తున్నారు. సొంత ఆవిరి లేని ఓడ అది. తాడు తెగితే గాలి ఎటు తోస్తే అటే, దాన్ని మళ్ళించే చుక్కాని మనిషి కూడా ఉండడు. డిసెంబరులో పోర్చుగల్ తీరం వెంట లాగడమంటే అట్లాంటిక్ తుపాన్లు ఒడ్డువైపు నెడుతుంటే పోవడం. డిసెంబరు 17న తుపానులో తాళ్ళు తెగి లిస్బన్‌కు దక్షిణాన సెసింబ్రా దగ్గర ఒడ్డుకు కొట్టుకుంది. ఆ అఖాతం ఉత్తరపు గాలికి మంచి ఆశ్రయం, దక్షిణానికి మాత్రం తలుపులు బార్లా తెరిచినట్టే ఉంటుంది. కదిలించే వీలు లేక అక్కడే వదిలేశారు. కొంత ఇనుము తరవాత కోసుకుపోయారు. మిగిలింది ఒడ్డుకు దగ్గర్లో, లోతు తక్కువ నీళ్ళలో పడి ఉంది. ఇసుక కదిలేకొద్దీ ఒక ఏడాది కనిపించిన పలకలు మరో ఏడాది కనిపించవు. అక్కడ డైవింగ్ చేసేవాళ్ళు అలలు నిమ్మళంగా ఉన్న రోజు చూసుకుని దిగుతారు, తక్కువ లోతులో అల ఉధృతి మనిషిని నేరుగా ఇనుము మీదికి విసురుతుంది కాబట్టి.